కొస అందరికీ కనిపిస్తుంది, మొదలు ఎవరు చూస్తారు?



పోయిన నెల మన ఛానెల్‌లో భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం మీద వీడియో పెట్టాక చాలామంది ఇంచుమించు ఒకటే ప్రశ్న అడిగారు. "కర్మ, కర్మఫలం అంటే ఒక్కడు చేసే పని వరకు అర్థమవుతోంది. మా ఆఫీసులో ఒక్క ప్రాజెక్టు మీద వంద మంది పని చేస్తాం. అందులో నా కర్మ ఏది? తప్పు జరిగితే అది ఎవరి ఖాతాలో పడుతుంది?"

దీనికి శాస్త్రప్రకారం జవాబు చెప్పేంత చదువు నాకు లేదు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. సొంతూరు విజయనగరం, ఉద్యోగం హైదరాబాద్‌లో. కానీ ఈ ప్రశ్న దగ్గర నేను ఒకసారి గట్టిగా తప్పాను. ఆ తప్పు గురించి చెబితే, జవాబు కాకపోయినా, జవాబు ఎక్కడ వెతకాలో మీకు తెలుస్తుందని రాస్తున్నాను.

ఒక ఆకుపచ్చ గడి

పేరు చెప్పను గానీ, మాదొక పెద్ద ప్రాజెక్టు. ఖాతాదారుల వివరాలన్నీ పాత సిస్టమ్ నుంచి కొత్త సిస్టమ్‌లోకి మార్చాలి. ఎనిమిది టీములు, తొంభై మంది, పదిహేను నెలల పని. అందులో డేటా మార్చే ముక్క నాది.

గో-లైవ్‌కి మూడు వారాల ముందు కొంత డేటాతో ట్రయల్ వేశాను. 212 రికార్డులు సరిపోలలేదు. తవ్వి చూస్తే, కొన్ని పాత బ్రాంచీల్లో తేదీలు తిరగేసి ఉన్నాయి. రోజు ఉండాల్సిన చోట నెల, నెల ఉండాల్సిన చోట రోజు. తేదీ 25 అయితే పదమూడో నెలే లేదు కాబట్టి సిస్టమ్ ఒప్పుకోదు, తప్పు బయటపడుతుంది. కానీ మే 1 అనుకోండి, అది చప్పుడు లేకుండా జనవరి 5 అయిపోతుంది. చూడ్డానికి శుభ్రమైన తేదీ. ఎవరూ పట్టుకోలేరు.

అంటే కనిపించినవి 212. కనిపించనివి ఎన్నో తెలీదు. ఆ సంగతి నాకు ఆ రోజే అర్థమైంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

ఆ సాయంత్రం స్టేటస్ షీట్‌లో నా గడికి రంగు వేయాలి. ఎరుపు వేస్తే రోజూ రాత్రి ఎనిమిదింటికి మీటింగ్, పైనున్నవాళ్ల ప్రశ్నలు. పసుపు వేస్తే "ఎందుకు పసుపు?" అని ఇంకో మీటింగ్. వారంలో సరిచేసేస్తాలే అనుకున్నాను. చేయలేకపోయినా మన తర్వాత తనిఖీ చేసే టీమ్ ఒకటుంది కదా, వాళ్లు పట్టుకుంటారులే అని కూడా అనుకున్నాను. ఆకుపచ్చ వేశాను.

తర్వాత తెలిసింది ఏంటంటే, తనిఖీ టీమ్ వాళ్లు నా ఆకుపచ్చ చూసి, టైమ్ లేక, పూర్తి తనిఖీ మానేసి అక్కడక్కడా చూసి వదిలేశారు. నేను వాళ్లని నమ్ముకున్నాను, వాళ్లు నన్ను నమ్ముకున్నారు. మధ్యలో ఎవరూ లేరు.

వేరే పనులు మీద పడి ఆ తేదీల సంగతి వెనక్కిపోయింది. శనివారం రాత్రి గో-లైవ్. నైట్ షిఫ్ట్‌లో ఉన్నది ఆరు నెలల క్రితం చేరిన కుర్రాడు. రాత్రి రెండింటికి స్క్రిప్ట్ మధ్యలో ఆగి హెచ్చరిక చూపించింది. పాపం గ్రూప్‌లో అడిగాడు: "ఇలా వస్తోంది, ముందుకెళ్లమంటారా?" నేను ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. ఒక సీనియర్ మాత్రం జవాబిచ్చాడు. "అది గ్రీనే కదా, కంటిన్యూ."

ఆదివారం మధ్యాహ్నానికి గొడవ మొదలైంది. కట్టాల్సిన తేదీలు తారుమారై, ఏ తప్పూ చేయని మనుషులకి ఆలస్య రుసుము మెసేజ్‌లు వెళ్లాయి. వెనక్కి మార్చడానికి నలభై పేజీల పద్ధతి రాసుకున్నాం గానీ, దాన్ని ఒక్కసారి కూడా నడిపి చూడలేదు. మొత్తం సర్దేసరికి 31 గంటలు పట్టింది.

వారం తర్వాత రిపోర్ట్ వచ్చింది. కారణం దగ్గర ఒక్క వాక్యం: హెచ్చరిక వచ్చినా ఆపరేటర్ ముందుకు వెళ్లారు. ఆ రిపోర్ట్ సరిచూసే నలుగురిలో నేనూ ఉన్నాను. చదివాను. "అప్రూవ్" నొక్కాను. ఆ కుర్రాడిని ప్రాజెక్టు నుంచి తీసేశారు.

మంగళవారం మధ్యాహ్నం, విజయనగరం

దసరాకి ఇంటికి వెళ్లాను. మా విజయనగరంలో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను.

పూజారికి అమ్మవారు కలలో కనిపించి, మాను ఏ ఊళ్లో, ఏ దిక్కున ఉందో చెబుతుందని నమ్మకం. వెతికి ఆ చింతచెట్టుకి పూజ చేసి కొట్టి తెస్తారు. సిరిమానుతో పాటు అడుగున దాన్ని మోసే ఇరుసుమాను కూడా కావాలి. హుకుంపేటలో వాటిని చెక్కుతారు. సిరిమాను యాభై, అరవై అడుగుల పొడవుంటుంది. దాని కొసన పీట లాంటి ఆసనం. ఆ రోజు పూజారే అమ్మవారి రూపం. ఆయన ఆ కొసన కూర్చుంటే, మానుని రథం మీద పైకి లేపి, చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. లక్షల మంది జనం. దారి పొడుగునా అరటిపళ్లు విసురుతారు. మూడు లాంతర్ల దగ్గర మేడల మీద కూడా నిలబడ్డానికి చోటుండదు.

నేను చిన్నప్పట్నుంచీ కొసనే చూశాను. అందరం అంతే కదా. అంత ఎత్తున, గాల్లో, ఒక మనిషి. ఆ రోజు మా పెదనాన్న పక్కన నిలబడ్డాను. ఆయన వడ్రంగి. ఇప్పుడు పని మానేశారు. నా ముఖం చూసి ఏదో ఉందని పట్టేశారు. రెండు రోజుల్నుంచీ సరిగా తినట్లేదని మా అమ్మ చెప్పి ఉంటుంది. ఆ రద్దీలోనే, విన్నవాళ్లకి అర్థం కాకుండా, నా గోడు చెప్పాను.

"పెదనాన్నా, అందరం కలిసి చేసిన పని. నా ఒక్కడి తప్పు కాదు కదా?"

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. రథం మా ముందుకొచ్చింది. అప్పుడన్నారు: "నువ్వు కొస సూత్తన్నావు బావూ. మొదలు సూడు."

చూశాను. కింద ఇరుసు దగ్గర తాళ్లు పట్టుకుని మనుషులున్నారు. చెమటలు కారుతున్నాయి. వాళ్లలో ఒక్కరి కళ్లూ పైన లేవు. పైనున్న మనిషి వాళ్లకి కనిపించడు కూడా. వాళ్లు చూసుకుంటున్నది తమ చేతిలో ఉన్న తాడే.

"కొసనున్నాయన కింద పట్టుకున్నోలని నమ్మి కూకున్నాడు. ఆలల్లో ఒకడికి తాడు జారతంటే, జారతందని అరవాల. సిగ్గుపడి ఊరుకుంటే ఏటవుతాది?" అన్నారు. తర్వాత తన పని మాట చెప్పారు. "కర్రలో సీలిక ఉందని నాకు తెలిసినాది. గుమ్మం నాను సెయ్యలేదు, ఇంకొకడు సేసినాడు. బిగించినోడు ఇంకొకడు. అది ఇరిగి పడితే ఎవులి తప్పురా? నలుగురిదీని. కానీ సీలిక ఉందని తెలిసినోడు ఒక్కడే కదేటి!"

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది.

గీతని సాకుగా వాడుకున్నాను

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ రిపోర్ట్‌కి అప్రూవ్ నొక్కిన రోజు నన్ను నేను ఓదార్చుకోవడానికి గీతనే వాడుకున్నాను. పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెబుతాడు. పని జరిగే చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. తానొక్కడే కర్త అనుకునేవాడికి సరిగ్గా కనిపించదు అని కూడా అంటాడు. చూశారా, ఐదింట్లో నేను ఒకటి. నా ఒక్కడి నెత్తిన ఎందుకు వేసుకోవాలి? ఇలా నడిచింది నా లెక్క.

కానీ అదే ప్రాజెక్టు బాగా జరిగి, అవార్డు నాకిచ్చి ఉంటే ఈ ఐదు కారణాలు నాకు గుర్తొచ్చేవా? రావు. "నాదే ఈ మాడ్యూల్" అని లింక్డ్‌ఇన్‌లో పెట్టుకునేవాణ్ణి. పేరు వచ్చేటప్పుడు నేనే కర్తని, మాట పడేటప్పుడు ఐదింట్లో ఒకణ్ణి. ఇది వేదాంతం కాదు, తెలివితేటలు.

నాకు ఇప్పుడు అర్థమైనంతలో ఆ మాటలు గర్వం తగ్గించుకోవడానికి చెప్పినవి, బాధ్యత తగ్గించుకోవడానికి కాదు. అర్జునుడి సంగతే చూడండి. "నువ్వొక్కడివే కర్తవి కాదు" అని విన్నాక అతను రథం దిగి ఇంటికి వెళ్లలేదు. తన వంతు పని తను చేశాడు.

ఇంకోవైపు వాదన కూడా ఉంది. దాన్ని కొట్టిపారేయను. మంచి కంపెనీల్లో తప్పు జరిగితే మనిషి పేరు వెతకొద్దు, పద్ధతిలో లోపం వెతకండి అంటారు. నిజమే. నా ఒక్క ఆకుపచ్చ గడితో అంత పని కూలిపోయిందంటే ఆ పద్ధతే బలహీనం. "మొత్తం నా వల్లే" అని గుండెలు బాదుకోవడం కూడా ఒక రకం అహంకారమే. కానీ పద్ధతిలో లోపం ఎక్కడుందో కనిపెట్టాలంటే ముందు ఎవరికి ఏం తెలుసో వాళ్లు చెప్పాలి కదా. నేను నోరు మూసుకున్నంతసేపు ఆ రిపోర్ట్ పద్ధతిని చూడదు, ఆ కుర్రాడినే చూస్తుంది.

నేను తేల్చుకున్నది ఇది. పెద్ద పనిలో శ్రమ పంచుకోవచ్చు, పేరు పంచుకోవచ్చు, తప్పు కూడా పంచుకోవచ్చు. నాకు మాత్రమే తెలిసిన నిజాన్ని మాత్రం నేను చెప్పేదాకా ఎవరితోనూ పంచుకోలేను. తొంభై మందిలో ఆ 212 వెనకాల ఏముందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ భాగంలో ఐదు కారణాలు లేవు. నేనే ఉన్నాను.

ఒకసారి లంకలో జరిగిన సభ గుర్తు తెచ్చుకోండి. హనుమంతుడు ఊరు తగలబెట్టి వెళ్లాక రావణుడు మంత్రుల్ని పిలిచి అడిగాడు. ఒకరి తర్వాత ఒకరు గెలుపు మనదే అన్నారు. అంతా ఆకుపచ్చే. ఎరుపు వేసినవాడు విభీషణుడొక్కడే. నేను విభీషణుడికి భయపడాల్సినంత కష్టం కూడా పడలేదండీ. నా పైనున్నాయన రావణుడు కాడు. చెబితే వినేవాడే. నాకు అడ్డొచ్చింది రాత్రి ఎనిమిదింటి మీటింగ్, అంతే.

శ్రీహరికోటలో ఒక హెచ్చరిక

హెచ్చరికని దాటి వెళ్లడం మన తెలుగు తీరంలోనే ఇంకో పెద్ద పనిలో జరిగింది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం. ఆ ప్రాజెక్టు బాధ్యత అబ్దుల్ కలాం గారిది. చివరి నిమిషాల్లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసింది. నిపుణులు పరవాలేదన్నారు. కలాం గారు కంప్యూటర్ మాట పక్కనపెట్టి ముందుకెళ్లారు. మొదటి దశ బాగానే నడిచింది. రెండో దశలో అదుపు తప్పింది. రాకెట్ బంగాళాఖాతంలో పడింది.

ఆ తర్వాత జరిగింది మీలో చాలామందికి తెలుసు. ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ గారు విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జూలై 18న ప్రయోగం గెలిచినప్పుడు మాత్రం విలేకరుల ముందుకి కలాం గారిని పంపించారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మనం ధావన్ గారి గొప్పతనం దగ్గర ఆగిపోతాం. నాకు ఇప్పుడు కలాం గారి వైపు కూడా చూడాలనిపిస్తోంది. పైనున్నాయన కాపాడేశాడు కదా అని ఆయన ఊరుకోలేదు. కంప్యూటర్ ఆపమన్నా నేనే ముందుకెళ్లాను అని, రాష్ట్రపతి అయ్యాక కూడా, కుర్రాళ్ల ముందు చెప్పుకున్నారు. నాయకుడు తప్పుని తన మీద వేసుకోవడం ఒక ధర్మం. దాని చాటున కిందివాడు దాక్కోకపోవడం ఇంకో ధర్మం. మా రిపోర్ట్‌లో ఈ రెండూ లేవు. పైవాళ్లందరం కలిసి అందరికంటే కిందున్నవాడి చాటున దాక్కున్నాం.

పనికొచ్చే నాలుగు మాటలు

పెద్ద పనులు చేసేవాళ్లకి నేను నేర్చుకున్నవి సూటిగా రాస్తాను. సగం మా ఆఫీసు నేర్పింది, సగం మా ఊరు నేర్పింది.

ఒకటి. రంగు కాదు, తెలిసింది రాయండి. "ఆకుపచ్చ" అనే మాటలో ఏ సమాచారం లేదు. "212 సరిపోలలేదు, కనిపించనివి ఎన్నో ఇంకా తెలీదు" అనే ఒక్క లైన్ నేను రాసి ఉంటే, తనిఖీ టీమ్ పూర్తిగా చూసేది. రాత్రి రెండింటికి ఆ సీనియర్ "గ్రీనే కదా" అనేవాడు కాదు.

రెండు. మన చేతిలో లేనిది ముందు చెప్పండి. మా శ్రీకాకుళం వైపు వంశధార నది ఒడిశా కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని మీద నేరడి దగ్గర బ్యారేజీ కట్టాలన్నది పాత ఆలోచన. పక్క రాష్ట్రం ఒప్పుకోకుండా అది కదలదు. వివాదం ట్రిబ్యునల్‌కి వెళ్లింది. 2010లో ఏర్పడిన ట్రిబ్యునల్ తీర్పు 2017లో వచ్చింది. ఈలోగా ఇంజనీర్లు ఆ ఒక్కదాని కోసం కూర్చోకుండా, కాట్రగడ్డ దగ్గర సైడ్ వియర్ పెట్టి వరద నీళ్లని హిరమండలం రిజర్వాయర్‌కి తీసుకెళ్లే దారి చూశారు. అడ్డంకి ఇదీ అని దాచకుండా ఒప్పుకున్నప్పుడే రెండో దారి కనిపిస్తుంది. అయితే ఆ రిజర్వాయర్ కోసం ఊళ్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లూ ఉన్నారు. పెద్ద పని బరువు చివరికి ఎవరి మీద పడుతుందో వాళ్లకి ప్లాన్‌లో ఒక గడి ఉందా లేదా అని కూడా అడగాలి. మా ప్లాన్‌లో నైట్ షిఫ్ట్ కుర్రాడికి గడి లేదు. రాత్రి రెండింటికి అతనికి సందేహం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో మేమెవరం రాయలేదు.

మూడు. నడిపి చూడని పద్ధతి పద్ధతి కాదు. వెనక్కి మార్చే నలభై పేజీలు ఒక్కసారి నడిపి ఉంటే 31 గంటలు పట్టేది కాదు. ఇంకో సంగతి, ఆ ఆదివారం కంగారులో ఇరవై మందిని కొత్తగా కాల్‌లోకి తెచ్చారు. వాళ్లకి జరిగింది వివరించడంలోనే మూడు గంటలు పోయాయి. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనిలోకి మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఆయన 1975లోనే పుస్తకంలో రాశాడు. ఐబీఎంలో పెద్ద పని నడిపి, దెబ్బతిని చెప్పిన మాట. నేను బీటెక్‌లో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయాను.

నాలుగు. గో-లైవ్ రోజుతో పని అయిపోదు. బయటివాళ్లకి మా పండగ అంటే సిరిమాను తిరిగే ఆ ఒక్క మధ్యాహ్నమే. కానీ పందిరి రాటతో మొదలెట్టి దాదాపు నెల రోజులు నడుస్తుంది. సిరిమానుకి ముందురోజు తోలేళ్లు. ఆ రాత్రి అమ్మవారి దగ్గర పూజ చేసిన విత్తనాలు రైతులకి ఇస్తారు. సిరిమాను అయ్యాక పెద్దచెరువులో తెప్పోత్సవం, తర్వాత ఉయ్యాల కంబాల, చివర్లో హోమం. చప్పట్లు కొట్టే రోజు తర్వాత కూడా చేయాల్సిన పని ఉందని మా పెద్దవాళ్లకి తెలుసు. మేము మాత్రం శనివారం రాత్రికి కేక్ ఆర్డర్ పెట్టి, ఆదివారానికి మనుషుల్ని పెట్టలేదు.

అందని కబురు

ఇవన్నీ ఆలోచిస్తుంటే మా అమ్మవారి కథే నాకు కొత్తగా వినిపించింది. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. కోట పడిపోయాక తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజుని గుడారంలో చంపాడు. మా ఊళ్లో చెప్పుకునే కథ ప్రకారం పైడితల్లి ఆ రాజుగారి చెల్లెలు. అన్నకి ఆపద ఉందని ఆమెకి ముందే తెలిసింది. ఒంట్లో బాగోలేకపోయినా, పతివాడ అప్పలనాయుడు తోడుగా, ఆ కబురు చెప్పడానికి బయల్దేరింది. దారిలోనే అన్న చనిపోయిన వార్త వచ్చింది. తట్టుకోలేకపోయింది. తన విగ్రహం పెద్దచెరువులో దొరుకుతుందని చెప్పి ప్రాణం వదిలిందట. ఆ అప్పలనాయుడు వంశంవాళ్లే ఇప్పటికీ పూజారులు. సిరిమాను కొసన కూర్చునేది వాళ్లే.

చిన్నప్పట్నుంచీ వందసార్లు విన్న కథ. ఈసారి మాత్రం ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. ఆమెకి తెలిసింది. తెలిసిన వెంటనే బయల్దేరింది. జ్వరం ఉంది, యుద్ధం ఉంది, దారి బాగోలేదు, రాజుగారి చుట్టూ చెప్పేవాళ్లు చాలామంది ఉండే ఉంటారు. ఎవరో ఒకరు చెబుతారులే అనుకోలేదు. కబురు అందలేదు. అయినా ఇన్ని వందల ఏళ్లుగా ఊరు ఊరంతా మొక్కుతోంది. ఫలితం ఆమె చేతిలో లేదు. బయల్దేరడం మాత్రమే ఆమె చేతిలో ఉంది. గీతలో చెప్పిన కర్మకీ ఫలానికీ ఉన్న తేడా నాకు ఏ వ్యాఖ్యానంలోనూ ఇంత స్పష్టంగా దొరకలేదు.

నాకు జ్వరం లేదు. యుద్ధం లేదు. ఒక మెయిల్ రాయాలి, అంతే.

హైదరాబాద్ వెళ్లే రైల్లో రాశాను. ట్రయల్‌లో 212 వచ్చిన సంగతి, కనిపించనివి ఉంటాయని నాకు ముందే తెలిసిన సంగతి, అయినా ఆకుపచ్చ వేసిన సంగతి, రిపోర్ట్ తప్పని తెలిసీ ఒప్పుకున్న సంగతి. మా మేనేజర్‌కి, రిపోర్ట్ మీద సంతకం పెట్టిన మిగతా ముగ్గురికీ పంపాను. రాజమండ్రి దాటేదాకా సెండ్ నొక్కలేకపోయాను. నిజం చెబుతున్నాను, గోదావరి మీద నెట్‌వర్క్ పోతే కాసేపు ఊరట అనిపించింది.

ఆ తర్వాత సినిమాలోలాగా ఏమీ జరగలేదు. "క్లోజ్ అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తెరుస్తున్నావ్?" అని ఒకాయన ఫోన్‌లో కోప్పడ్డాడు. ఆ ఏడాది నా రేటింగ్ తగ్గింది. రిపోర్ట్ మాత్రం మార్చారు. ఆపరేటర్ అనే మాట తీసేసి, ముందే తెలిసిన లోపాన్ని తెలియజేయకపోవడం అని రాశారు. వెనక్కి మార్చే పద్ధతిని ప్రతి రిలీజ్‌కి ముందు నడిపి చూడాలని ఒక రూల్ పెట్టారు.

ఆ కుర్రాడికి విడిగా ఫోన్ చేశాను. అప్పటికే వేరే కంపెనీలో ఆఫర్ తీసుకున్నాడు. అంతా విన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆ రోజు మీరు గ్రూప్‌లో ఒక్క మాట అని ఉంటే బాగుండేది అన్నా" అన్నాడు. క్షమించాను అనలేదు, తిట్టలేదు కూడా. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. గుచ్చుకోనివ్వండి. స్టేటస్ షీట్ తెరిచిన ప్రతిసారీ అదే నాకు గుర్తొస్తుంది.

కాబట్టి మీ ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇది. వంద మంది చేసే పనిలో మీ కర్మ ఏదంటే, మీ చేతిలో ఉన్న తాడు. కొసనున్న మనిషి మీకు కనిపించకపోవచ్చు. మీ పేరు ఎవరికీ తెలియకపోవచ్చు. తాడు జారుతున్నట్టు మీ అరచేతికి తెలిసిన ఆ క్షణంలో మాత్రం, లక్షమంది జనంలో అరవాల్సింది మీరొక్కరే. ఆ అరుపు పక్కవాడి వంతు కాదు.

ఈ రోజు మీ పనిలో, లేదా ఇంట్లో, ఏదైనా ఒక గడికి తెలిసీ ఆకుపచ్చ వేసి ఉంటే, రేపు పొద్దున్నే వెళ్లి దాని రంగు మార్చండి. ఆలస్యమైందనుకోకండి. బయల్దేరండి.

శ్రీ పైడితల్లి అమ్మవారి దయ మనందరి మీదా ఉండాలి. శుభం.